టెంకాయ చిప్పలో నీళ్లు

మాలోయి దీవి కాడ, షిప్పులో నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

నాయనకు, నీ పెద్దకూతురు యమున కాళ్లకు మొక్కి రాసే జాబు. ఈడ నేను పానానికి బాగుండా. ఆడ నువ్వు, అమ్మ, వైష్ణవి, మన రెండు మగ్గాలు అందరూ బాగుండారనే అనుకుంటాండా. మగ్గాలను కూడా మనుషుల్లో కలిపి రాసినానని అమ్మ నగుతుంది, నగనీ.

నీ జాబు రేవు ఊర్లో ఈ ఆస్పత్రి షిప్పును నడిపే మిషన్ ఆఫీసుకు చేరి, ఆడ మూడు వారాలు కూర్చొని, చివరికి మందుల పెట్టెలతో పాటు పడవెక్కి నా చేతికొచ్చింది. ఫోన్ పెట్టుకొని ఈ జాబులేమే అని రాణక్క ఎగతాళి చేస్తాది. నలభై ఏండ్లు మగ్గం చప్పుడు విని నీ చెవులు ఎట్లయినాయో ఆమెకేం తెలుసు. ఫోన్ చేస్తే నువ్వు హలో హలో అనేలోపల ఈడ సిగ్నల్ పోతాది. జాబయితే నువ్వు నిదానంగా రెండుసార్లు చదువుకుంటావు.

రాణక్క అంటే నీకు గుర్తుండల్ల. హిందూపురంలో నర్సింగ్ చదివేటప్పుడు నా సీనియరు, తర్వాత పెనుకొండ కంటి క్యాంపుల్లో నాతో పాటు పనిచేసింది, నన్ను ఈ షిప్పుకు పిలుచుకొచ్చింది ఆమే. ఆమె ఈడ పనికి ఒప్పుకున్న రెండేండ్లు అయిపోయినాయి. మంగళవారం బయలుదేరి ఊరికొస్తాది. ఈ జాబు, దాంతో పాటు ఒక చిన్న చాప ఆమె చేతికిస్తాండా. ధర్మవరం వచ్చి నీ చేతిలోనే పెట్టమని చెప్పినాను. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టకుండా పంపొద్దని అమ్మకు చెప్పు, రెండేండ్లుగా ఆమె దాని గురించే మాట్లాడతాంది.

నువ్వడిగినవాటికి ఒక్కొక్కటే జవాబు రాస్తాను.

షిప్పు ఊగితే వాంతులు అయితాయా అన్నావు. మొదటి వారం అయినాయి. ఇప్పుడు షిప్పు దీవి కాడ లంగరేసి నిలబడి ఉండాది, ఊగదు. పొద్దున చిన్న పడవల్లో ఒడ్డుకు పోయి ఆడ రోగులను చూస్తాం. ఆపరేషన్ కావల్సినోళ్లను షిప్పులోకి తెస్తాం. ఇందులోనే ఆపరేషన్ గది, ఇరవై మంచాలు ఉండాయి. ఈ దీవి మనుషులకు ఆస్పత్రి అంటే రెండు రోజుల పడవ ప్రయాణం, అందుకే మేము వచ్చినామంటే ఊరంతా ఒడ్డుకొచ్చి నిలబడతారు.

మతం మార్చుకోమంటాండారా అని అడిగినావు. నువ్వు అడగలేదు, అమ్మ అడగమనింది, నాకు తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు నాయనా. ఈ షిప్పులోని డాక్టర్లు, నర్సులు దేవుని పని అనుకొని వచ్చినోళ్లు. పొద్దున పని మొదలుపెట్టే ముందు, ఆపరేషన్‌కు ముందు ప్రార్థన చేస్తారు. నేను చేతులు కట్టుకొని నిలబడతాను. నా పెట్టెలో చౌడేశ్వరమ్మ ఫోటో ఉండేది అందరికీ తెలుసు. మా డాక్టరమ్మ ఒకరోజు దాన్ని చూసి, ఈమె మగ్గం నేసే మీ సాలోళ్ల తల్లా అని అడిగి, మళ్లా జాగ్రత్తగా యాడుండేదాన్ని ఆడే పెట్టింది. ఆమె పేరు అసెన్లా, నాగాలాండ్ మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. ఆమె గురించి ముందర ఇంగా రాయల్ల.

నిజంగా పట్టుదారంతోనే కుట్లు వేస్తారా, నాతో పరాచికం ఆడతాండావా అన్నావు. నిజమే. ఇప్పుడు రకరకాల దారాలు వచ్చినాయి గానీ, నల్ల పట్టుదారం ఇంగా ఉండాది. సన్నంగా, మన పడుగు పోగు మాదిరే ఉంటాది. మొదటిసారి చూసినపుడు నాకు మన ఇల్లు గుర్తుకొచ్చి కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

ఇంగ నువ్వు చివర్లో అడిగింది ఒకటి మిగిలింది. "చేతి పని మర్చిపోలేదు గదా తల్లీ" అని రాసినావు. దానికి జవాబు రాయాలంటే శానా చెప్పల్ల. ఈడినుంచి అమ్మకు గట్టిగా చదివి వినిపించొద్దు, ముందు నువ్వొక్కడివే చదువుకో. తర్వాత చెప్పేది, చెప్పంది నీ ఇష్టం.

దీవిలో లోసా అని ఒక అవ్వ ఉండాది. డెబ్బై ఏండ్లుంటాయి. మొగలాకు మాదిరి పొడుగు ఆకులను సన్నగా చీల్చి చాపలు అల్లుతాది. ఈడ పెండ్లయినా, బిడ్డ పుట్టినా, మనిషి పోయినా చాప కావల్ల, అది లోసా అవ్వ అల్లిందయితే గొప్ప. మన ధర్మవరం చీర ఎట్లనో అట్ల. నెలన్నర కిందట ఆకు చీల్చేటప్పుడు కత్తి జారి ఆమె కుడి బొటనవేలి కింద లోతుగా తెగింది. ఆ రోజు ఒడ్డున నేనే ఉండా. అట్లాంటి దెబ్బలకు కుట్లు వేసే అనుమతి నాకుండింది.

నీ మాదిరే ఆమెకూ చెవుడు. నోరు కనపడితే గానీ మాట తెలియదు. వాళ్ల భాషలో నాకు పది మాటలొస్తాయి, నొప్పా, అయిపోయింది, ఓర్చుకో అని. అవి చెప్పడానికి మాస్కు గడ్డం కిందికి లాగినాను. దారం ముందే ఎక్కించి ఉండే సూదులు ఆ పొద్దు అయిపోయినాయి. విడి సూది, పట్టుదారం ఉండే ప్యాకెట్ ఒకటే మిగిలింది. దారం కొస చీలిపోయి సూది బెజ్జంలోకి పోలేదు. ఒకసారి చూసినా, రెండుసార్లు చూసినా. మూడోసారి దాన్ని పెదాల మధ్యన పెట్టి తడిపి, వేళ్లతో నులిమినాను. టక్కున ఎక్కింది.

నాకు ఎనిమిదేండ్లప్పుడు నువ్వు మగ్గం కింద కూర్చోబెట్టి, పాత పడుగుకు కొత్త పడుగు ఒక్కో పోగు అతకడం నేర్పినావు గదా. నోటితో తడుపు, నులుము, వదులు. ఎన్ని వేల పోగులు అట్ల అతికినానో. ఆ రోజు నా చేతులు నన్ను అడగకుండానే ఆ పని చేసినాయి.

సూదిలోకి దారం ఎక్కినాక తెలిసింది నేనేం చేసినానో. నోటిలో పెట్టిన దారం కుట్టుకు పనికిరాదని మొదటి సంవత్సరం చదివే పిల్లకు కూడా తెలుసు. పారేసి షిప్పుకు పంపి ఇంకోటి తెప్పించల్ల. కానీ వరసలో శానామంది ఉండారు, పడవ తిరిగిపోయే వేళయింది, అవ్వ చేయి రక్తం కారతాంది. ఏం కాదులే అనుకొని దాంతోనే ఐదు కుట్లు వేసినాను. ఎవరూ చూడలేదు.

నాలుగోరోజు అవ్వను షిప్పుకు మోసుకొచ్చినారు. చేయి మణికట్టు దాకా వాచింది, చీము పట్టింది. డాక్టరమ్మ కుట్లు విప్పి కడిగి, ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. ఆ పొద్దే నన్ను అడిగింది, "యమునా, కుట్లు వేసేటప్పుడు తేడాగా ఏమన్నా జరిగిందా" అని. నేనేం చెప్పినానో తెలుసా నాయనా. "ఆ కత్తి శానా పాతది మేడమ్, మురికిగా ఉండింది" అని చెప్పినాను.

రెండు రోజులైనా వాపు తగ్గలేదు. ఇంగ రెండు రోజులు చూసి, తగ్గకపోతే బొటనవేలు తీసేయల్ల, లేకుంటే చేయే పోతాది అనింది డాక్టరమ్మ. పొద్దున ప్రార్థనలో అందరూ అవ్వ వేలి కోసం అడుక్కుంటాంటే, నేను వాళ్ల నడుమ చేతులు కట్టుకొని నిలబడి ఉండా. అప్పుడైనా నోరు తెరవాల్సింది. నన్ను ఇంటికి పంపిస్తారని భయం. కదిరి గేటు కాడ టీ అంగడిలో నువ్వు కనపడినోళ్లకల్లా నా కూతురు సముద్రంలో డాక్టర్ల పక్కన పనిచేస్తాంది అని చెప్పుకుంటావే, ఆ మాట పోతాదని ఇంకో భయం.

ఆ సాయంకాలం అవ్వ మంచం కాడికి పోతే ఆమె ఏడుస్తాంది. నొప్పికి అనుకున్నాను. ఆడ మాకు మాటలు తర్జుమా చేసే పిల్లను అడిగితే చెప్పింది, కత్తి మురికి వల్లనే ఇట్లయిందని డాక్టర్లు అన్నారని విని అవ్వ కొడుకు ఆ కత్తిని తీసుకపోయి సముద్రంలో పారేసినాడంట. అది అవ్వకు వాళ్లమ్మ ఇచ్చిన కత్తి. దాంతోనే యాభై ఏండ్లు ఆకు చీల్చింది. వేలు పోతాదని చెప్పినపుడు ఏడవని మనిషి కత్తి కోసం ఏడుస్తాంది.

నాకు మా జేజినాయన మగ్గం మీద పోగు విసిరిన నాడె గుర్తుకొచ్చింది. నువ్వు దాన్ని పండగకు పసుపు కుంకం పెట్టి మొక్కుతావు గదా. ఎవరో వచ్చి ఒక అబద్ధం చెప్పి దాన్ని పొయ్యిలో పెట్టించినట్లు అనిపించింది. అది నేనే. ఆడినుంచి నేరుగా డాక్టరమ్మ గదికి పోయి అంతా చెప్పినాను. దారం, నోరు, కత్తి మీదికి నెట్టింది, అన్నీ.

ఆమె తిట్టలేదు. తిట్టింటే బాగుండు. "నోట్లో ఉండే క్రిములు వేరు, వాటికి మందు వేరు. నువ్వు రెండు రోజుల ముందు చెప్పింటే ఆ మందు రెండు రోజుల ముందు ఇచ్చింటాను" అని, లేచిపోయి మందు మార్చింది. తెల్లారి నన్ను పిలిచి మాట్లాడింది. "నేను నిన్ను క్షమించినాను. దేవుడూ క్షమిస్తాడని నా నమ్మకం. కానీ వేలు నాది కాదు, ఆమెది. పోయి ఆమెకు నువ్వే చెప్పు" అనింది.

మూడోరోజుకు వాపు దిగింది. వేలు నిలబడింది నాయనా. కానీ పైకణుపు వంగదు, ఇంగ ఎప్పటికీ వంగదు. ముందే చెప్పింటే వంగేదా అని డాక్టరమ్మను అడిగినాను. "వంగేదేమో" అనింది.

అవ్వకు చెప్పడానికి ఆమె ఇంటికే పోయినాను, పక్కన ఆ తర్జుమా చేసే పిల్ల. మాటలతో కాకుండా చేసి చూపించినాను, ఒక ఆకు పీలిక తీసుకొని పెదాల మధ్య పెట్టి, నులిమి, కుట్టు వేసినట్లు. ఆమె కొడుకు లేచి నిలబడినాడు. నేను తల దించుకొని కూర్చున్నాను, కొట్టినా సరే అనుకున్నాను. అవ్వ కొడుకు చేయి పట్టి కూర్చోబెట్టింది. తర్వాత నన్ను అడిగింది, "మీ ఇంట్లో ఏం అల్లుతారు" అని. పట్టు చీరలు, మా నాయన నేర్పినాడు అని చెప్పినాను. అవ్వ లేచి లోపలికి పోయింది. నన్ను పొమ్మన్నట్లే అనుకొని వచ్చేసినాను.

ఈడ నాకు పడిన శిక్ష కూడా రాస్తాను. నా పేరు మీద కాగితం రాసినారు. షిప్పు ఈ దీవి విడిచేదాకా సూది ముట్టకూడదు. గుడ్డలు ఉతికి, సామాన్లు ఉడకబెట్టే గదిలో ఇప్పుడు నా పని. కావాలంటే రాణక్కతో పాటు ఇంటికి పోవచ్చని కూడా చెప్పినారు. మొదట పోదామనే అనుకున్నాను, బట్టలు కూడా సర్దినాను.

పోయిన ఆదివారం చర్చి విడిచినాక ఊరికే అవ్వ ఇంటి పక్కగా పోతాంటే, ఆమె అరుగు మీద కూర్చొని ఎడమ చేత్తో అల్లడానికి తంటాలు పడతాంది. పీలికను అదిమి పట్టే వేలు వంగదు గదా, అల్లింది అల్లినట్లే జారిపోతాంది. నన్ను చూసి చేయి ఊపి పిలిచింది. పక్కన కూర్చోబెట్టుకొని, నా బొటనవేలు పట్టుకొని చాప మీద ఒత్తి పెట్టింది. కదలొద్దు అన్నట్లు తల ఊపింది. పొద్దు వాలేదాకా ఆమె అల్లింది, నేను అదిమినాను. ఆమె పీలికలను నోటితో తడుపుకుంటాంది, నాయనా, అచ్చం నువ్వు పోగును తడిపినట్లే. నేనూ ఒక పీలిక తీసుకొని నోటి కాడికి ఎత్తబోతే నా చేతి మీద ఒకటి చరిచి, లోపలికి పోయి టెంకాయ చిప్పలో నీళ్లు తెచ్చి నా ముందర పెట్టింది.

సర్దిన బట్టలు మళ్లా పెట్టెలోనుంచి తీసి పెట్టేసినాను. షిప్పు ఈడ ఇంగా ఉండే రెండు నెలలూ ఉంటాను. ఈ పొద్దు కూడా ఆడినుంచే వచ్చి ఈ జాబు రాస్తాండా.

రాణక్క తెచ్చే చాప మేమిద్దరం అల్లింది. ఒక అంచు వంకరగా ఉంటాది, నీ కండ్లు ముందు ఆడికే పోతాయి. ఆడ నేను వేలు కదిలించినాను. మగ్గం గుంత కాడ నువ్వు కూర్చునే చోట వేసుకో. నువ్వు నేర్పింది తప్పని నేను అనుకోవడం లేదు, నువ్వూ అనుకోవద్దు. టీ అంగడిలో నా గురించి ఏం చెప్తావో నీ ఇష్టం. గుడ్డలు ఉతుకుతాంది అని చెప్పినా నాకు సరే.

నువ్వడిగినదానికి జవాబు, చేతి పని మర్చిపోలేదు నాయనా. ఇప్పుడు నీళ్లలో తడుపుతాండా.

ఇట్లు,
నీ కాళ్ల కాడ కూర్చొని పోగులతికిన పెద్దకూతురు,
యమున