నేను వేసిన ప్యాచ్

అన్నా,

నువ్వు చెరువులో మునిగిపోయి ఇవాళ్టికి ఏడాది. షూటింగ్ లేని రోజుల్లో నువ్వు నీళ్లమీద కూర్చుని చేపలు పట్టిన గాలి ట్యూబు కృష్ణానగర్ గదిలోనే ఉంది. నీ గుర్తుగా నేనూ ఒకసారి దాంతో చెరువులోకి దిగుదామని పొద్దున గాలి కొట్టి, సబ్బు నీళ్లు రాశాను. నువ్వు పోవడానికి వారం ముందు నేను వేసిన ప్యాచ్ అంచున బుడగలు లేచాయి.

"వదినా, అన్నను నేనే చంపుకున్న" అన్నాను.

వదిన ట్యూబు వంక చూడలేదు. "గాలి దిగుతుందని మీ అన్నకు ఎరుకే. 'తమ్మునికి చెప్పకు, బాధపడ్తడు' అన్నడు. లైఫ్ జాకెటన్న ఏసుకొమ్మంటే నవ్విండు."

ట్యూబును కోసి పారేశాను. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే మళ్లీ అతికించేవాణ్ణి కదా, అన్నా.