తైలం పూసిన సీలు

రేణిగుంట,
మంగళవారం

ప్రభువునందు నా సహోదరి, శరీరరీత్యా నా భార్య, ఫోను విషయంలో మాత్రం నా శత్రువు అయిన గ్రేసీకి,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "ప్రసంగం మొదలాయె" అని పెట్టేస్తావు. మీ అమ్మను అడిగితే "రాసి పంపు నాయనా, అదయితే నడాన ఆపి బియ్యం కడుక్కోని రావచ్చు" అంటుంది. సరే. చెరసాలలోంచి పౌలు రాయలేదా? పంపుల షెడ్డులోంచి నేను రాస్తున్నాను.

సూటిగా చెబుతున్నాను. జెస్సీని తీసుకుని ఆదివారం ఆరాధనకు వచ్చేయి. బిడ్డకు జ్వరం తగ్గింది కదా, ఇంకా సత్యవేడులో ఏం పని? నేనన్న ఒక్క మాటకు ఇంత పంతమా? బిడ్డ నుదుట తైలం రాసి నేను మోకాళ్ల మీద ఉంటే, ప్రార్థన మధ్యలో బిడ్డను భుజానేసుకుని ఆటో ఎక్కి తిరుపతి ఆసుపత్రికి పోయింది ఎవరు? అది అవిశ్వాసం కాదా? అందుకే ఆదివారం ప్రసంగంలో, మైకులో "చెయ్యి పెట్టి చూస్తేగానీ నమ్మనన్న తోమాకు చీర కడితే మా ఇంటిదే" అన్నాను. జనం నవ్వారు. వాళ్లు నవ్వితే అది నా తప్పా? ఆ మధ్యాహ్నమే బస్సెక్కేస్తావా?

నా అవస్థ నీకేం తెలుసు! ఫ్యాక్టరీలో వేడినీళ్ల పంపు నా ప్రాణం తీస్తోంది. తిరిగే షాఫ్టు పంపులోకి దూరే చోట నీళ్లు బయటికి రాకుండా ఒక సీలు ఉంటుందని నీకు చెప్పాను కదా. అందులో రెండు రింగులు. ఒకటి కదలదు, ఒకటి షాఫ్టుతో తిరుగుతుంది. అద్దాల్లాంటి వాటి ముఖాలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. వెనక నుంచి స్ప్రింగు నెడుతుంటుంది. ఈసారి కొత్త రకం సీలు తెప్పించారు. ఏం లోపం చేశాను నేను? షాఫ్టు మీద గరుకు లేకుండా నునుపు చేశాను. ఆ ముఖాల మీద వేలు పడనివ్వలేదు. స్ప్రింగును గుర్తు దాకా నొక్కి బిగించాను. కవరు బోల్టులు ఎదురెదురుగా, సమంగా బిగించాను. రబ్బరు రింగు షాఫ్టు మీద సులువుగా జారాలని, పని దీవెనగా ఉండాలని, నా ప్రార్థన తైలమే ధారాళంగా రాశాను. మొదట ఒక్క చుక్క కారలేదు. స్తోత్రం అన్నాను. మర్నాటికి ధార కట్టింది!

మా మెయింటెనెన్సు సూపర్‌వైజరు భానుచందర్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏం పాస్టరూ, నీ ప్రార్థన పైకి పోతాండాది, నీళ్లు కిందికి పోతాండాయి!" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. అందరి ముందర! ఆ రోజు అన్నం సహించలేదు నాకు. కుళ్లబొడిచినట్టుంది.

రేపు మళ్లీ విప్పుతాను. ఈసారి ఉపవాసం కూడా ఉంటాను. నువ్వు మాత్రం బయలుదేరు.

సువార్త నిమిత్తమూ, నీ నిమిత్తమూ శ్రమపడుతున్న
ఇమ్మానుయేల్

*

రేణిగుంట,
శుక్రవారం

గ్రేసీ,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఉండదని తెలుసు. అయినా రాయకపోతే నాకు ఊపిరాడదు.

ఉపవాసముండి రెండో సీలు వేశాను. తైలం ఇంకా ఎక్కువ రాశాను. ముందుకన్నా ఘోరంగా కారింది. మండిపడి పంపు విప్పి చూస్తే, రబ్బరు రింగు నానబెట్టిన శనగలా ఉబ్బిపోయి షాఫ్టును పట్టుకుని వేలాడుతోంది. అది కదిలితే కదా స్ప్రింగు నెట్టేది! ముఖాలు రెండూ ఎడమైపోయి, ఆ సందులోంచి నీళ్లు.

భానుచందర్ వేలితో నొక్కి చూసి, "దీనికి ఏం రాసినావప్పా?" అన్నాడు.

"తైలం."

ఆయన అక్కడున్న డబ్బా మీద కూలబడిపోయాడు. నేను చించి పారేసిన సీలు పెట్టెలోంచి కాగితం ఏరుకొచ్చి నా ముఖం ముందు పెట్టాడు. నూనె డబ్బా బొమ్మ మీద ఇంత లావు ఇంటూ గుర్తు. "ఈ రబ్బరుకు నూనె పడదు, సబ్బునీళ్లే రాయాలని బొమ్మేసి మరీ చెప్పినాడు గదా. సూడల్యా?"

"నేను చదివేది ఒకే పుస్తకం" అన్నాను, గట్టిగానే.

"చదువప్పా, ఎవురొద్దన్నారు? ఈ రబ్బరు సంగతి దాంట్లో యాడన్నా ఉండాదా?"

ఆదికాండం నుంచి ప్రకటన దాకా వెతికాను గ్రేసీ, మనసులోనే. రబ్బరు ఎక్కడా లేదు.

చేతులు సబ్బుతో కడుక్కుని, సబ్బునీళ్లు రాసి మూడో సీలు వేశాను. ప్రార్థన మానలేదు, తైలం మాత్రం జేబులోనే ఉంచాను. పంపు పొడిగా తిరుగుతోంది. నాకు సంతోషం రావాలి కదా? ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియక బోల్టులు పెట్టిన డబ్బాను తన్నాను. తర్వాత అవన్నీ ఏరుకుంటూ కూర్చుంటే, ఇన్నాళ్లూ నీకు చెప్పనిది నా నోటికొచ్చింది.

ఆ రోజు నీ వెనకాలే నేనూ ఆసుపత్రికి వచ్చాను. "ఇంకొంచెం ఆలస్యమయ్యుంటే కష్టమయ్యేది" అని డాక్టరు నీతో అంటుంటే తలుపు బయట నిలబడి విన్నాను. లోపలికి రాలేక వెనక్కి తిరిగి వచ్చేశాను. నా బిడ్డను నేనే పోగొట్టుకునేవాణ్ణి. ఆ భయం సంఘానికి కనబడకూడదని నిన్ను నవ్వులపాలు చేశాను. భానుచందర్ ఒక్క మాటంటే నాకు అన్నం దిగలేదు. నువ్వు అంతమంది మధ్యలో, చాప మీద, బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఎలా కూర్చున్నావు?

పైగా తోమాను ప్రభువు తరిమేయలేదు. చెయ్యి పెట్టి చూసుకోమన్నాడు. ఇన్నేళ్లు ప్రసంగించి ఆ సంగతే మరిచాను. తైలంలో దోషం లేదు. దానితోనే అంతా అయిపోతుందన్న నా మొండితనమే దోషం.

ఆదివారం అదే మైకులో నా తప్పు చెబుతాను. నువ్వు వచ్చినా సరే, రాకపోయినా సరే.

సబ్బు వాసనేస్తున్న
నీ ఇమ్మానుయేల్

*

సత్యవేడు,
సోమవారం

జెస్సీ నాయనకు,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. బియ్యం కడగడానికి మధ్యలో లేవలేదు.

నిన్న ఆరాధనను ఫోన్‌లో లైవ్ పెట్టారు కదా, అమ్మ స్పీకరు పెద్దగా పెట్టింది. ముగ్గురం కూర్చుని విన్నాం. రబ్బరు ఉబ్బిన కథ ఎంతసేపు చెప్పావయ్యా! స్ప్రింగు, బోల్టులు, సబ్బునీళ్లు, అన్నీ గంట కొట్టినట్టు వినబడ్డాయి. "నా భార్య గ్రేసీ విషయంలో" అన్నావో లేదో, నీకు దగ్గొచ్చింది. తర్వాత మైకు పక్కకు తిప్పి ఏదో గొణిగావు. వెంటనే పాట ఎత్తుకున్నారు. "నాయన ఏమన్నాడు మా?" అని జెస్సీ అడిగింది. "వినబడలా" అన్నాను.

నన్ను నవ్వులపాలు చేసింది మైకులో. తప్పు ఒప్పుకునేది మైకు పక్కనా?

తలుపు బయట నువ్వు నిలబడడం నాకు తెలుసు. తలుపు కింది సందులోంచి నీ చెప్పులు కనిపించాయి. లోపలికి వస్తావని చూశాను. నా కోపం తోమా మాట మీద కాదు, ఆ చెప్పులు వెనక్కి తిరిగి పోయినందుకు.

వచ్చే ఆదివారం వస్తాం. మైకు నేను పట్టుకుంటాను, నీ నోటికి ఆనించి. పంపు సంగతి వద్దు, రెండు మాటలు చాలు. ఇక మీదట జెస్సీకి ఒళ్లు వెచ్చబడితే తైలం నువ్వు రాయి, వద్దనను. ఆటోలో మాత్రం నా పక్కన కూర్చో.

ఇట్లు,
చీర కట్టిన తోమా