బీడులో సుధాకర్ సగం

5 జూలై 2001, రేపల్లె
మేత బీడు పంపకం అయింది. తూర్పు సగం నాకు, పడమటి సగం సుధాకర్‌కి. వానలయ్యాక మా ఆఫీసు పెద్దసారు వచ్చి చూస్తారు. ఎవరి పద్ధతి నచ్చితే తీరం వెంట బీళ్లన్నీ చూసుకునే పని వాళ్లకే. బాపట్లలో చదివేటప్పుడు మా ఇద్దరిదీ ఒకే గది, ఒకే సబ్బు. ఈసారి మాత్రం వదలను.

12 జూలై
నా సగానికి కంచె వేయించాను. ఒక్క గేదెని కూడా రానివ్వను.

4 ఆగస్టు
సుధాకర్ కంచె వేయలేదు. వంతులు పెట్టాడు — ఈ వారం ఒక మూల మేపు, పై వారం ఇంకో మూల. కాపర్లతో కూర్చుని చద్దన్నం తింటున్నాడు. వాళ్లు అతన్ని "తమ్ముడూ" అంటారు. నన్ను చూస్తే లేచి నిలబడి "సార్". మర్యాదే... అయినా ఒళ్లు మండింది.

15 సెప్టెంబరు
నా గడ్డి నడుము దాటింది. అతనిది చీలమండ దాటలేదు. తెనాలి బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. ఇంట్లో షమీమ్ — "ఏంటండీ, ఇవాళ మారు వడ్డించమంటున్నారు?"

29 సెప్టెంబరు
సుధాకర్ నా గడ్డి నలిపి చూశాడు. "వెన్ను తీసేసిందిరా, కంకులొచ్చేశాయి. కాడ ముదిరిపోయింది. సారొచ్చేలోగా కోయించు, మళ్లీ చిగురేస్తుంది."
అసూయ. ఇంకేం కాదు. కోయించను.

3 అక్టోబరు
కోయించాలా? కోయిస్తే అతను చెప్తే కోయించినట్టు అవుతుంది... వద్దు.

17 అక్టోబరు
పెద్దసారు వచ్చారు. "భలే పెంచారండి" అన్నారు నాతో. సుధాకర్ వైపు చూడకుండా ఉండలేకపోయాను. అంతలో కంచె తీయించి మందని వదలమన్నారు. గేదెలు నా గడ్డిలోకి వచ్చాయి. వాసన చూశాయి. నాలుగు కాడలు నమిలి, అన్నీ సుధాకర్ సగంలోకి పోయాయి.
వెన్ను తీయకముందే మేపాలి — ఆ ప్రశ్నకి కాలేజీలో అతని కన్నా నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

18 అక్టోబరు
బీళ్లన్నీ సుధాకర్‌కే. "ఇద్దరం కలిసి చేస్తామండి" అన్నాడట పెద్దసారుతో. కాపరి కోటయ్య చెప్పాడు, సంతోషంగా. సుధాకర్ నన్ను నాలుగు మాటలని ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి.

20 అక్టోబరు, తెనాలి
సుధాకర్ ఇంటికొచ్చాడు. టీ తాగుతూ — "సోమవారం నుంచి వస్తావుగా?" చూస్తాలే అన్నాను. నేను గెలిచి ఉంటే అతని పేరు ఎత్తేవాణ్ణి కాదు. అది అతనికీ తెలుసు. తెలిసే అడిగాడు. అదే మింగుడు పడటం లేదు.

21 అక్టోబరు
రేపు పొద్దున రేపల్లె బస్సు. క్యారేజీ కట్టమంటారా అని షమీమ్ రెండుసార్లు అడిగింది. వెళ్లాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.