పందిట్లో డ్రోన్ ఎగరనివ్వనందుకు

దేవనహళ్ళి

తమ్ముడు రమణకు అక్క దీవెనలు. నువ్వూ, మరదలు సుశీలా, పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. సుశీల మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ నేనూ, మనవరాలు మేఘనా బాగున్నాము. పొద్దుటి చలికీ, సాంబారులో బెల్లానికీ అలవాటు పడ్డాను. మేఘన డ్రోన్ పనికి వెళ్ళాక మాట్లాడడానికి మనుషులు ఉండరు. విమానాలు మాత్రం మా మిద్దె మీదుగానే దిగుతాయి.

నీ వియ్యంకుడికి నేను క్షమాపణ చెప్పాలని ఫోనులో అన్నావు. నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు కనుక రాస్తున్నాను.

ఇక్కడికి దగ్గరలోనే, వాళ్ళ ఇంటి ఆవరణలో, మీరు రాలేకపోయిన ఆయన చిన్నకూతురి పెళ్ళికి మేఘన చేతి కెమెరాతో తీయడానికే ఒప్పుకుంది. మర్నాడు కోలారులో పని ఉండి డ్రోన్ పెట్టె కారులో ఉంది. అది చూసి ఆయన, వధూవరుల మీద డ్రోన్‌తో అక్షింతలు పోయించమన్నాడు.

"ఇది ఏర్‌పోర్టు పక్కన, మ్యాపులో రెడ్ జోన్ అంకుల్. ఢిల్లీ నుంచి పర్మిషన్ లేకుండా ఎగరేయకూడదు" అంది మేఘన.

"మా కాంపౌండులోనే కదమ్మా, టెంకాయ చెట్టంత ఎత్తు. ఎవురికి తెలుస్తాది? చేతకాకుంటే చేతకాదని చెప్పు."

ఆ మాటకు పిల్ల రోషపడి పెట్టె తెచ్చి తెరిచింది. నేను బ్యాటరీలు తీసి నా చేతిసంచిలో వేసుకున్నాను.

"మీ కాంపౌండు గోడ నేల మీద కట్టించారు, ఆకాశంలో కాదు. అక్షింతలు వేయడానికి ఇంతమంది పెద్దలు ఉన్నారు" అన్నాను.

"ఏం వదినా, శుభకార్యంలో పోలీసమ్మ మాదిరి వచ్చి కూర్చున్నావే?"

"అట్లే అనుకోప్పా" అన్నాను. భోజనానికి కూడా ఆ సంచితోనే వెళ్ళాను.

పట్టుబడితే డ్రోన్ జప్తు చేస్తారు, పైలట్ సర్టిఫికెట్ రద్దవుతుంది. మా ఇల్లు దానిమీదే నడుస్తోంది. దిగే విమానానికి తగిలితే ఏమవుతుందో నేను రాయనక్కరలేదు. ఆయన ఇంట్లో పెళ్ళి ఆ పూటతో అయిపోయింది. ఈ పిల్ల రేపూ పనికి వెళ్ళాలి. మళ్ళీ అడిగినా అదే చేస్తాను.

ఎవరైనా బెంగళూరు వస్తుంటే చెనిక్కాయల పొడి పంపించు. మన చిన్నమ్మకు నా నమస్కారాలు చెప్పి, మేఘనను ఆశీర్వదించమను.

మీ గృహప్రవేశానికి ఇద్దరం వస్తాము. మీ కదిరి ఆ మ్యాపులో పచ్చగానే ఉందని మేఘన చూసి చెప్పింది. అక్కడ డ్రోన్‌తో కావలసినంత తీస్తుంది. నీ వియ్యంకుణ్ణీ తప్పకుండా పిలువు. ఎదురైతే నమస్కారం పెడతాను, కుశలం అడుగుతాను. క్షమాపణ కోసం మాత్రం ఎదురుచూడవద్దని ముందే చెప్పు.

నీ మేలు కోరే అక్క,
సరోజ