సాక్ష్యంలో నా పేరు

సికింద్రాబాద్,
14 జూలై 2009.

జ్ఞానశేఖర్ అంకుల్‌కు వందనాలు.

మొన్న ఆదివారం చర్చిలో మీరు సాక్ష్యం చెప్పడానికి లేచారు. మన స్కూల్లో ల్యాబ్ అటెండరుగా రిటైరైన నాలుగు నెలలకే పీఎఫ్ డబ్బులు వచ్చాయని, ఆంటీకి కంటి ఆపరేషన్ అయిందని, ఆఫీసులో నేను ఉండబట్టే ఇదంతా జరిగిందని నా పేరు చెప్పి మరీ దేవుణ్ణి స్తుతించారు. అందరూ నా వైపు తిరిగారు. నేను పాటల పుస్తకంలోకి తల దించుకున్నాను.

అంకుల్, మీకు రావాల్సిందంతా రాలేదు. జీతాలు కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు మీ పేరు దగ్గర డీఏ గడిలో టిక్ పెట్టడం మర్చిపోయాను. బేసిక్, డీఏ రెండూ కలిపి కట్టాల్సిన మీ పీఎఫ్ నాలుగేళ్లు ఒట్టి బేసిక్ మీదే కట్టాం. పే స్లిప్ చూసుకోమంటే, "నీకు బైబిల్ వాక్యాలు నేర్పిందే నేను, నిన్ను తనిఖీ చేస్తానా?" అని సంతకం పెట్టేసేవారు.

తప్పు మార్చిలోనే నా కంటపడింది. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. మోండా మార్కెట్‌లో మీరు ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకున్నది అందుకే.

నిన్న ప్రిన్సిపాల్ గారికి అంతా చెప్పేశాను. నలభై ఎనిమిది నెలలూ సరిచేస్తున్నాం. మిగతా డబ్బు కోసం ఈ ఫారం మీద మీ సంతకం కావాలి. ఈసారైనా చదివి పెట్టండి.

వచ్చే ఆదివారం సాక్ష్యానికి నేను లేస్తాను. ఆ ఒక్కరోజూ ముందు బెంచీలో కూర్చోకండి అంకుల్. మీ మొహం కనిపిస్తే నాకు నోరు పెగలదు.

మీ సండే స్కూల్ పిల్ల