ఈ నెల సమావేశం మనింట్లో

సిద్దిపేట,
18 జూన్ 2025.

చిరంజీవి సంధ్యకు బాపు ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమమే గానీ, నాకు మాత్రం కుదురు లేదు. దుకాణంలో కూర్చుంటున్నాను, లేస్తున్నాను. పొద్దున చీర అడిగిన ఒకామెకు తువ్వాలు చూపించానట. ఆమె నవ్వి, సేటూ, ఇంటికాడ ఏమన్న పంచాయితా అని అడిగింది. ఇంకా కాలేదు, అవుతుందేమో అన్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని అనుకోకు. మన 'నెలకో కాలం' గ్రూపులో ఈ నెల అంశం లేఖలు, రాయబారాలు అని నీకూ తెలుసు. ఎప్పుడూ నెలకో చారిత్రక నవల చదివి గ్రూపులో నాలుగు మాటలు పెడతాం. ఈసారి ఆ మాటలు చేత్తో ఉత్తరంగా రాసి, చిట్టీలో ఎవరి పేరొస్తే వాళ్లకు పంపాలని గ్రూపు నడిపే సుచిత్ర మేడం షరతు పెట్టింది. నాకు నీ పేరొచ్చింది. నేను మేడంను బతిమాలానని ఎవరైనా అంటే నమ్మకు.

ముందు పుస్తకం సంగతి చెప్తాను, లేకపోతే మేడం ఊరుకోదు. నేను తీసుకున్న నవలలో ఒక రాయబారి ఓరుగల్లు నుంచి గోల్కొండకు లేఖ పట్టుకొని పోతుంటాడు. సంధికి ఒప్పుకున్నామని అందులో ఉంది. అది అందితే యుద్ధం ఆగుతుంది. రచయితేమో అతన్ని ప్రతి ఊళ్లో ఆపి, అక్కడి బావి, అక్కడి సంత, అక్కడి పడుచుల గురించి పేజీలకు పేజీలు నింపాడు. నాకు ఒళ్లు మండి, ముందు నడువురా అయ్యా అని గట్టిగా అరిచాను. మీ అమ్మ ఉలిక్కిపడి, అంత తొందరుంటే నువ్వే పోయి ఇచ్చిరా అన్నది. చివరికి లేఖ అందేసరికి ఓరుగల్లు కోట గోడ కూలింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు అసలు మాట. నెల చివరి ఆదివారం ఎవరో ఒకరింట్లో గ్రూపు వాళ్లందరూ కలుస్తున్నారు కదా. నువ్వు పోతున్నావు, నేను ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటున్నాను. ఈ నెల ఎవరింట్లో అని మేడం అడగ్గానే, దుకాణం నుంచి మా ఇంట్లోనే అని వాయిస్ పెట్టేశాను. గజ్వేల్ రత్నాకర్ సారు సహా అందరూ సంబరపడ్డారు. నువ్వు మాత్రం ఇంకా వస్తానని పెట్టలేదు.

మీ అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. అదీ నా భయం. నిశ్చితార్థం అయ్యాక నువ్వు పెళ్లి వద్దని కరీంనగర్ వెళ్లిపోయిన రోజు నుంచి ఆమె నోట నీ పేరు వినలేదు. ఆ కోపం ఉత్తదే అని నేననను. గడపగడపకూ పోయి, బొట్టు పెట్టి, పెళ్లికి రమ్మని పిలిచింది ఆమె. మళ్లీ అవే గడపలకు పోయి రావద్దని చెప్పిందీ ఆమే. నేను వెంట వస్తానంటే, పిలిచింది నేను, వద్దని చెప్పేది గూడ నేనే అన్నది. ఏ ఇంట్లో ఎవరేమన్నారో ఈరోజు వరకూ నాకు చెప్పలేదు. ఆ బాధ నీకు తెలియదు, నాకూ సగమే తెలుసు.

ఇక్కడ కలం కాసేపు ఆగింది. చాయ్ తాగి మళ్లీ మొదలుపెట్టాం.

మార్చిలో రాణుల మీద నవలలు చదివినప్పుడు నువ్వు రాసింది గుర్తుందా? సంధి కోసం శత్రురాజుకు ఇచ్చిన పిల్ల గురించి రాశావు. మేళం మొదలయ్యాక వద్దనడానికి నోరు రాదు, అందుకే మేళానికి ముందే చెప్పాలి, చెప్పినవాళ్లను ఎవరూ క్షమించరు అన్నావు. అది మన ఇంట్లో గట్టిగా చదవడం జరిగింది. ఆ పూట మీ అమ్మ సగం అన్నంలోనే లేచింది. ఏమైందంటే, కూరల కారం ఎక్కువైంది అన్నది. నాకైతే కారం సరిగ్గానే ఉంది.

బిడ్డా, నాకు నువ్వూ కావాలి, ఆమె మనసూ నొవ్వకూడదు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. ఇప్పుడే చెప్పాలా, ఆదివారం పొద్దున చెప్పాలా అని ఇల్లంతా తిరుగుతున్నాను. నువ్వొస్తే పలకరిస్తుందో, లోపలికి పోయి గడియ పెట్టుకుంటుందో చెప్పలేను. నలుగురిలో గొడవ చేయదని ఒక చిన్న ధైర్యం. నువ్వు రావాలి.

ఇట్లు,
నీ బాపు,
రామచందర్.

తా.క.: సంధ్యా, గిది మీ బాపు మాట కాదు, నాది. పైనదంతా ఆయన చెప్పిండు, నేను రాసిన. శివరాత్రి కాడి నుంచి ఆయనకు చూపు మసకబట్టింది. షుగర్ కండ్లకు దిగిందని దవాఖానల సూదులేస్తున్రు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. అప్పటి సంది పుస్తకాలన్ని నేనే చదివి వినిపిస్తున్న. గ్రూపుల ఆయన పేరు మీద వచ్చే రాతలు నేను ఫోన్ల కొట్టినయే. నువ్వు రాసినయి గూడ చదువుతున్న. ఆయనకోసారి, ఆయన దుకాణం పోయినంక నాకోసారి.

ఆదివారం సంగతి ఎదురుంగ చెప్ప భయమై, ఉత్తరంల పెట్టి నాతోనే రాయించిండు. ఆ వాయిస్ నేను ఎప్పుడో విన్న. ఎన్నడు చెప్తడా అని చూస్తున్న. గీ నాలుగు ముక్కలు రాసినట్టు ఆయనకు తెల్వదు, చెప్పకు.

నువ్వు ఆదివారం అందరితోని చుట్టమోలె రాకు. శనివారమే ఒక్కదానివి రా. నీ తాళంచెవి నీకాడనే ఉండె గద. నేను తాళం మార్చలే.

అమ్మ.