నీ పేరున ఇచ్చిన మాట

పెద్దన్నకు,

నీ చెల్లెలు ఈ ఊరి పంతులు చేత రాయిస్తున్న సంగతులు. నా కోడలు స్పోగ్మైకి నిన్న ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా కులాసా.

కనుమ ఎక్కుతుంటే ఒంటె మీదే దానికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. దగ్గర్లో ఉన్న మంత్రసాని గుల్‌మకై ఒక్కతే. కిందటేడు మన గొర్రెలు గోధుమచేలో పడ్డప్పుడు నువ్వు చెయ్యి విరగ్గొట్టిన రైతు ఉన్నాడే, అతని తల్లి. సిగ్గు చంపుకుని వెళ్ళి ఆమె గుమ్మంలో నిలబడ్డాను.

"ఆ గొర్రెలవాడి చెల్లెలివి కదూ? పద, తిట్లు తర్వాత తిడతాను," అంటూ లేచింది. బిడ్డకు స్నానం చేయించాక, అన్నట్టే తీరిగ్గా కూర్చుని తిట్టింది. నెయ్యి ఇస్తే తీసుకోలేదు. "ఈసారి మీ మంద నా చేను తొక్కకపోతే అదే చాలు," అంది.

నిన్ను అడక్కుండా నీ పేరున మాట ఇచ్చేశాను. నువ్వు వెనక తోలుకొస్తున్న మందను ఊరి మీదుగా తేకుండా పైదారిన పంపు. రెండు రోజులు ఎక్కువ పడుతుంది, గడ్డీ తక్కువే, నాకు తెలుసు.

నువ్వొక్కడివీ మాత్రం కిందికి దిగి వాళ్ళింటికి వెళ్ళు. ఆమె కొడుకు నీకంటే చిన్నవాడే. అయినా ముందు నువ్వే సలాం చెప్పు.

నీ చెల్లెలు